మన ఊరే మన సోషల్ పుస్తకం

(రోలుగుంటలో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం జరిపిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేం ఉద్యమంలో తిరిగే మనుషులం. మైకు చేతికిస్తే ప్రత్యేక రాష్ట్రం తప్ప ఇంకో మాట మాట్లాడరేమోనని కొందరు మాస్టార్లకి బెంగగా ఉన్నట్టుంది. ఆ మాట చివర్లో చెబుతాం. ముందు మీ సోషల్ పుస్తకం గురించి మాట్లాడుకుందాం.

సోషల్ అంటే మీలో చాలామందికి విసుగని మాకు తెలుసు. తేదీలు, రాజుల పేర్లు, నదుల పేర్లు బట్టీ పట్టాలి, పరీక్ష రాయాలి, మర్చిపోవాలి. తప్పు మీది కాదు. ఆ పుస్తకంలో మీ ఊరు లేదు. ఢిల్లీ ఉంది, లండన్ ఉంది, రోలుగుంట లేదు. తన ఊసే లేని పుస్తకాన్ని ఎవరు మాత్రం ఇష్టపడి చదువుతారు?

మేం చెప్పేదొకటే. భూగోళం, చరిత్ర, అర్థశాస్త్రం అనేవి మూడు ప్రశ్నలు. ఇది ఇక్కడే ఎందుకుంది అని అడిగితే భూగోళం. ఎప్పటినుంచి ఇలా ఉంది, ఎందుకిలా అయింది, అది మనకెలా తెలిసింది అని అడిగితే చరిత్ర. కష్టం ఎవరిది, ఫలితం ఎవరికి ఎంత దక్కింది అని అడిగితే అర్థశాస్త్రం. ఈ మూడింటినీ మన ఊరి మీదే వేసి చూద్దాం.

నీరు ఎటు పోతోంది?

బయటకొచ్చి పడమటి వైపు చూడండి. అవి తూర్పు కనుమలు. పొద్దు పొడిచే వైపు సముద్రం. ఈ రెండింటి మధ్య సన్నటి మైదానంలో మనమున్నాం. శారద, వరాహ, తాండవ మూడూ ఆ కొండల్లోనే పుట్టి, మన పొలాల పక్కగా పోయి, బంగాళాఖాతంలో కలుస్తాయి. నాసిక్ దగ్గర పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి సముద్రం చేరుతుంది. మన ఏళ్లకి అంత దూరం లేదు. కొండ మీద వాన పడితే పొంగుతాయి, వాన ఆగితే ఇసుక తేలుతుంది.

అందుకే మన పెద్దలు ఊరూరా చెరువు తవ్వారు, గుంట తవ్వారు, గెడ్డకి అడ్డుకట్ట వేశారు. గుంట అంటే నీళ్లు నిలిచే చోటు. ఈ ఊరి పేరులోనే నీటి మాట ఉంది. భూగోళం మనిషికి ఒక పరిస్థితిని ఇస్తుంది. దానితో మనిషి ఏం చేశాడన్నది చరిత్ర అవుతుంది.

2009లో ఉత్తరాంధ్ర సుజల స్రవంతి పేరుతో ఒక పథకానికి శంకుస్థాపన చేశారు. గోదావరి నీళ్లు 63 టీఎంసీలు తెచ్చి, మూడు జిల్లాల్లో 8 లక్షల ఎకరాలకి ఇస్తామన్నారు. పదిహేనేళ్లు దాటినా ఆ 8 లక్షల ఎకరాలు తడవలేదు. నీరు పల్లానికి పారుతుందని సైన్సు మాస్టారు చెబుతారు. అది నిజమే. కానీ కాలువ ఎటు తవ్వాలో, ఎప్పుడు తవ్వాలో పల్లం నిర్ణయించదు. ప్రభుత్వం నిర్ణయిస్తుంది.

తేదీ వెనక కారణం

ఇక చరిత్ర. చరిత్రకి రుజువు కావాలి. రుజువు రాయి కావచ్చు, శాసనం కావచ్చు, దస్తావేజు కావచ్చు, ఊరి పేరు కూడా కావచ్చు. అనకాపల్లి పక్కనున్న శంకరం వెళ్లి చూడండి. బొజ్జన్నకొండ, లింగాలకొండ మీద రాతిలో తొలిచిన బౌద్ధ స్తూపాలు, గుహలు ఉన్నాయి. సంఘారామం అన్న మాటే నోళ్లలో నలిగి శంకరం అయిందంటారు. బొజ్జన్న అంటే బుద్ధుడే. బౌద్ధం పోయి వందల ఏళ్లయినా ఊరి పేరు ఆ ఆనవాలుని మోస్తూనే ఉంది.

తర్వాత పాఠం, తేదీ వెనక కారణాన్ని వెతకడం. 1794 జులై 10న పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోయాడు. ఇది తేదీ. ఎందుకని అడిగితే, కుంపిణీ వాళ్లు అడిగిన పేష్కష్ బకాయి. 1802లో మన ప్రాంతానికి శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది. జమీందారు ఏటా కుంపిణీకి కట్టాల్సింది నిలకడగా ఉంటుంది. రైతు దగ్గర వసూలు చేసేదానికి మాత్రం అలాంటి హద్దు లేదు. వాన లేని ఏడాది ఆ భారం ఎవరి నెత్తిన పడిందో మీరే చెప్పండి.

అల్లూరి సీతారామరాజు పేరు మీకందరికీ తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లాడు. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపారు. పరీక్షకి ఇంత రాస్తే మార్కులు పడతాయి. కానీ కొండవాళ్లు ఆయన వెనక ఎందుకు నడిచారు? 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక వాళ్ల పోడు నేరమైంది, కట్టె కొట్టడం నేరమైంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వెయ్యడానికి గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ వాళ్లని పనిలోకి తోలాడు, కూలి సరిగా ఇవ్వలేదు. ఇవాళ మంచు చూడ్డానికి లంబసింగి వెళ్లే కార్లు ఎక్కేది ఆ ఘాటీ దారే. తిరుగుబాటు చరిత్ర అయితే, అడవి భూగోళం, ఎగ్గొట్టిన కూలి అర్థశాస్త్రం. మూడూ ఒకే రోడ్డు మీద నడిచాయి.

కాగితం మీద ఒక గీత

ఇప్పుడు మీ మండలంలోకే వద్దాం. ఆర్ల పంచాయతీ కొండల మీద గిరిజన గూడేలున్నాయి. రోగం వస్తే డోలీ కట్టి కిందికి మోసుకొచ్చిన వార్తలు మీరూ పేపర్లో చూసే ఉంటారు. ఆ కొండకి అవతల, పాడేరు వైపు, అదే కొండదొర తెగ వాళ్లు, అదే పోడు, అదే పంట. కానీ అవతల షెడ్యూల్డు ప్రాంతం, ఇవతల కాదు.

ఈ గీత ఎవరు గీశారు? 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకి వేరే పాలన పెడుతూ కుంపిణీ చట్టం తెచ్చింది. 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం వచ్చింది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతో రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ప్రాంతాల జాబితా వచ్చింది. ఆ జాబితాలోకి ఎక్కిన ఊళ్లు ఎక్కాయి, మిగిలినవి మిగిలిపోయాయి.

గీత వల్ల ఏమవుతుంది? అవతల గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొంటే 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, అంటే మనం 1/70 అని పిలిచే చట్టం, ఆ కొనుగోలు చెల్లదంటుంది. ఇవతల ఆ రక్షణ లేదు. 1996 పెసా చట్టం గ్రామసభకి ఇచ్చిన అధికారం కూడా ఇవతల లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం గీతకి రెండు వైపులా వర్తిస్తుంది. అది ఎందరికి అందిందన్నది మీరు వెళ్లి అడగాల్సిన ప్రశ్న. అట్లాసులో కనిపించే గీతలన్నీ దేవుడు గీసినవి కావు. మనుషులు గీసినవే, మనుషులు మార్చగలిగినవే. మొన్న 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లా మూడు ముక్కలై మనం అనకాపల్లి జిల్లా వాళ్లం అయ్యాం కదా!

చెరుకు లెక్క, సగటు లెక్క

మీలో చాలా ఇళ్లలో చెరుకుంది. కేంద్రం ఏటా గిట్టుబాటు ధర ప్రకటిస్తుంది. 2024–25 సీజనుకి క్వింటాలు 340 రూపాయలు, అంటే టన్ను 3,400. అదీ చక్కెర దిగుబడి 10.25 శాతం ఉంటేనే. చెరుకు తోలిన 14 రోజుల్లో మిల్లు డబ్బు కట్టాలని, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ ఇవ్వాలని 1966 చెరుకు నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. ఈ సంగతి మీ నాన్నకి తెలుసా? అడగండి. తెలియకపోతే మీరే చెప్పండి. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార మిల్లులు మూతబడ్డాక రైతు ఎక్కడికి పోవాలి? గానుగ ఆడించి బెల్లం చేసి అనకాపల్లి మార్కెట్టుకి తోలాలి, లేదా సరుగుడు వేసి పట్నం పోవాలి.

ఇంటికెళ్లి ఒక కాగితం తీసుకోండి. ముచ్చెలు, దుక్కి, ఎరువు, కోత కూలి, బండి బాడుగ, అప్పు మీద వడ్డీ, అన్నీ రాయండి. ఇంకొక వరస కూడా రాయండి. అమ్మ, నాన్న పొలంలో పెట్టిన రోజులు ఎన్ని? వాటికి కూలి కట్టండి. ఆ వరస చేరిస్తే చాలా ఇళ్లలో లాభం నష్టంగా మారుతుంది. అర్థశాస్త్రంలో మొదటి పాఠం ఇదే. లెక్కలో ఎవరి కష్టం రాయలేదో ముందు చూడాలి.

రెండో పాఠం సగటు. అయిదు ఇళ్లున్నాయి అనుకోండి. నాలుగిళ్లకి నెలకి అయిదేసి వేలు, అయిదో ఇంటికి 80 వేలు. సగటు ఎంత? ఇరవై వేలు. కాగితం మీద ఆ వీధి బాగా బతుకుతోంది. నాలుగిళ్లలో మాత్రం పప్పు వండలేదు. పాత విశాఖ జిల్లా కథ ఇదే. పోర్టు, ఉక్కు ఫ్యాక్టరీ, రిఫైనరీ ఆదాయం కలిపితే తలసరి ఆదాయంలో రాష్ట్రంలో ముందు వరస. అదే జిల్లాని రాష్ట్ర విభజన తర్వాత ఏడు వెనుకబడిన జిల్లాల్లో ఒకటిగా లెక్కగట్టి, ఏటా 50 కోట్ల చొప్పున మూడేళ్లు ప్యాకేజీ ఇచ్చారు. రెండూ నిజమే. సగటు అబద్ధం చెప్పదు. నాలుగిళ్ల సంగతి చెప్పదంతే.

మా మాటనీ నమ్మొద్దు

ఇక మా మాట. రాజ్యాంగంలో మూడో అధికరణం కొత్త రాష్ట్రం ఏర్పాటు చేసే అధికారం పార్లమెంటుకి ఇచ్చింది. 1953లో ఆంధ్ర, 2000లో ఛత్తీస్‌గఢ్, ఉత్తరాఖండ్, జార్ఖండ్, 2014లో తెలంగాణ వచ్చాయి. ఉత్తరాంధ్రకీ తన రాష్ట్రం ఉండాలన్నది మా వాదన. నీటి మీద, భూమి మీద, కొలువుల మీద నిర్ణయం ఇక్కడి మనుషులకి దగ్గరగా ఉండాలన్నది మా కారణం. 1966లో ఉక్కు కోసం జరిగిన పోరులో 32 మంది ప్రాణాలిచ్చారు. 2021 జనవరి 27న అదే ఫ్యాక్టరీని అమ్మకానికి పెట్టాలని ఢిల్లీలో తీర్మానించారు. అడిగి తెచ్చుకున్నదాన్ని నిలబెట్టుకోవడానికీ మళ్లీ అడగాల్సి వస్తోంది.

అయితే పిల్లలూ, ఈ మాటని కూడా బట్టీ పట్టొద్దు. మా మీదా ఆ మూడు ప్రశ్నలూ వెయ్యండి. కొత్త రాష్ట్రం వస్తే ఆర్ల గూడేనికి రోడ్డు పడుతుందా, లేక ఇంకో పట్నంలో ఇంకో సెక్రటేరియట్ లేస్తుందా? ఛత్తీస్‌గఢ్ వచ్చింది, అక్కడి గిరిజనుడికి ఏం వచ్చింది? గీత మారినంత మాత్రాన లెక్క మారదు. లెక్క అడిగేవాళ్లుంటేనే మారుతుంది. మేం ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకోలేకపోతే మా ఉద్యమానికి విలువ లేదు. మా పత్రికలో వేసే అంకెనైనా, ఎక్కడిదని అడగండి.

ఇదిగో మీకు ఇంటి పని. ఊరి పటం గీసి నీళ్లు ఎటు వస్తున్నాయో, ఎటు పోతున్నాయో గుర్తు పెట్టండి. నానమ్మనో తాతనో కూర్చోబెట్టి, వాళ్ల చిన్నప్పటి కరువు, వలస, కూలి సంగతులు రాసుకోండి. మీ ఇంటి పంట లెక్క కట్టండి. ఆ మూడు కాగితాలూ కలిపి కుట్టి బడిలో పెట్టండి. రోలుగుంటకి అదే మొదటి సోషల్ పుస్తకం.

రాష్ట్రం రేపొస్తుందో, ఎప్పుడొస్తుందో గానీ, లెక్క అడిగే పిల్లలు మాత్రం ఈ రోజే కావాలి.

జై ఉత్తరాంధ్ర!