పైరుల యెండుతెగులు

 

మన కోనసీమకు ఒకవైపున గౌతమి, ఒకవైపున వసిష్ఠ, దక్షిణమున సముద్రము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువనీరును క్రమముగా మన చేలకు చేరినది. ఇట్టి సీమలో మొక్క దాహముచే చచ్చుచున్నదనిన వినువారు నవ్వుదురు. కాని అది నిజము. ఆ సంగతియే యీనాడు మనవిచేసెదను.

ముందుగా నా తెలివితక్కువతనమును చెప్పుకొందును. బడిపనినుండి విరమించిన పిదప లంకభూమిలో వంగతోట వేసితిని. కాపునకు వచ్చిన వేళ, ఒక మధ్యాహ్నము నాలుగు మొక్కలు తలలు వాల్చినవి. ఆకులు పండలేదు, మచ్చపడలేదు, పచ్చగానుండియే వాడినవి. ఎండవేడిమి యనుకొని నీరు పెట్టితిని. మరునాటికి పది వాడినవి. మరల నీరు పెట్టితిని. చచ్చిన మొక్కలను పీకి బోదెగట్టున పడవైచితిని. పంతులుగారి సేద్యము చూడుడని నలుగురు నవ్వుదురేమోయను సిగ్గుచే ఎవ్వరికిని చెప్పనైతిని. నా తోటలో పారిన నీరే దిగువరైతు తోటకు పోవును. కొలదిదినములలో అతని తోటయు పడిపోయినది. నాకు పింఛను కలదు. అతనికి ఆ తోటయే జీవనాధారము.

ఈ తెగులునకు కారణము కంటికి కనబడని బాక్టీరియా యను సూక్ష్మజీవి. 1896లో అమెరికాదేశమున ఎర్విన్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు టమాటా, వంగ, బంగాళాదుంప మొక్కలలో దీనిని గుర్తించి వర్ణించెను. నేడు దీనిని రాల్‌స్టోనియా సొలనాసియేరం అందురు. ఇది నేలలో దాగియుండి, వేరునకు తగిలిన గాయముగుండ లోనికి చొచ్చి, నీరు పైకెక్కు నాళములలో కోట్లకొలది పెరిగి వానిని పూడ్చివేయును. బోదెలో పూడిక పేరుకొనినచో కాలువ నిండుగా పారుచున్నను చివరిచేను ఎండదా? మొక్కగతియు అట్టిదే. మిరపకును, అల్లమునకును ఈ తెగులు వచ్చును.

అయితే వాడినదెల్ల ఈ తెగులే యనరాదు. అరటికి వచ్చు పనామా తెగులు శిలీంధ్రమువలన కలుగునది. పరీక్ష సులభము. వాడిన వంగమొక్క కాండమును మొదటికడ కోసి, ఆ ముక్క కొనను గాజుగ్లాసులోని తేటనీటిలో ముంచి కదల్పక పట్టుకొనుడు. కొన్ని నిమిషములలో పాలదారమువంటి ధార క్రిందికి దిగినచో, ఇది బాక్టీరియా తెగులే. ఈ పరీక్ష నాకు ముందే తెలిసియున్నచో రెండు తోటలు దక్కియుండెడివి.

మన వరికి ఎండాకు తెగులు తెచ్చునది వేరొక బాక్టీరియా. ఇది ఆకు అంచుననున్న సన్నని రంధ్రములనుండియు, గాయములనుండియు ప్రవేశించును. నారు పొడవైనదని కొనలు తుంచి ఊడ్చుట దానికి తలుపు తెరచుటయే. లేతపైరునకు పట్టినచో దుబ్బే వాడి చచ్చును. ముదిరినపైరున ఆకు కొననుండి అంచులవెంబడి అలలవలె పసుపుబారి ఎండును. సార్వాలో తుఫానుగాలి ఆకులను చీల్చిన పిదపను, యూరియా మితిమీరినచోటను ఇది విజృంభించును.

లోనికి చొచ్చిన పిదప దీనిని నిశ్చయముగా కుదుర్చు మందు లేదు. కావున అంగడికి పరుగిడుటకంటె తోటలో జాగ్రత్త మేలు. వాడిన వంగమొక్కను వేళ్ళతో పెరికి కాల్చివేయుడు; కాలువలో వేయకుడు. కత్తిని, పారను శుభ్రపరచినగాని మంచిమొక్కను తాకింపకుడు. ఆ నేలలో రెండుమూడేండ్లు వంగ, టమాటా, మిరప వేయక, వరియో మొక్కజొన్నయో వేయుడు. ఉస్తివంటి మొండిజాతి వేరుపై వంగను అంటుగట్టు పద్ధతియు కలదు.

వరికి తెగులు కనబడినంతనే యూరియా ఆపి, మడిలోని నీరు తీసివేయుడు. తెగులును తట్టుకొను విత్తనములును కలవు. 1986లో బాపట్లనుండి వచ్చిన సాంబమసూరికి ఈ తెగులు సులభముగా సోకును. హైదరాబాదు శాస్త్రజ్ఞులు దానిలో తెగులును తట్టుకొను మూడు జన్యువులను సంకరముచే చేర్చి, 2008లో మెరుగైన సాంబమసూరిని విడుదలచేసిరి. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికాలోని అడవివరినుండి లభించినది. మీ భూమికి ఏ విత్తనము తగునో, వసిష్ఠకావల మారుటేరులో 1925నుండియున్న పరిశోధనస్థానమువారిని అడిగి తెలిసికొనుడు.

ఇక పెద్దలకు ఒక్క మనవి. మడినుండి నీరు తీయుమనుట సులభము. ఆ నీరు ఎచటికి పోవలెను? దిగువచేనిలోనికి పోయినచో తెగులును పంచిపెట్టినట్లే. అది మురుగుకాలువలోనికి పోవుటకు దారి యుండవలెను. ఒక్క రైతు త్రవ్వలేని ఆ దారిని ఊరు కలిసి త్రవ్వవచ్చును. గట్టుతగవులు తీర్చు పెద్దలే దీనికి పూనుకొనవలయును. తెగులు వచ్చినవాడు సిగ్గుపడక మొదటిదినముననే పొరుగువానికి చెప్పునట్లును, చెప్పినవానిని ఎవ్వరును నవ్వకుండునట్లును కట్టడిచేయుడు. నేను చెప్పకపోవుటచే ఏమైనదో వింటిరిగదా.

సెలవు.