చెప్పు పువ్వుకు కొత్త రంగులు



ఈ రోజు ఒక వింత పువ్వు గురించి చెప్పుకుందాం. దాని పేరు స్లిప్పర్ ఆర్కిడ్. కింది రేకు చెప్పు ముందుభాగంలా, చిన్న సంచిలా ఉంటుంది. అందుకే ఆ పేరు.

మన దేశంలో మేఘాలయ, అస్సాం, మిజోరాం కొండల్లో ఇవి పూస్తాయి. ఒక్కో జాతికి ఒక్కో గుణం. ఇన్సిగ్నె జాతికి మచ్చలుంటాయి. విల్లోసం జాతి నూనె రాసినట్టు మెరుస్తుంది. ఇంకో జాతి పైరేకు తెల్లగా ఉంటుంది.

ఈ గుణాలన్నీ ఒకే పువ్వుకు రావాలంటే ఏం చేయాలి? జాతులను కలపాలి. దీన్నే సంకరం అంటారు. పత్తి చేలో క్రాసింగ్ చేసిన అక్కలకు ఈ పని తెలుసు కదా!

ఒక పువ్వు పుప్పొడిని పుల్లతో తీసి, ఇంకో జాతి పువ్వుకు అంటిస్తారు. కాయ ముదరడానికి నెలలు పడుతుంది. గింజలు దుమ్ములా ఉంటాయి. వాటిలో మొలకకు తిండి ఉండదు. అందుకే సీసాల్లో చక్కెర కలిపిన ఆహారం మీద మొలిపిస్తారు. పువ్వు చూడాలంటే మూడు నాలుగేళ్లు ఆగాలి. ఒక్కోసారి ఇంకా ఎక్కువే.

ఒక కడుపున పుట్టిన పిల్లలంతా ఒకేలా ఉంటారా? ఈ మొక్కలూ అంతే. పెద్ద పువ్వు, గుండ్రని పువ్వు, మంచి రంగు పువ్వు చూసి ఏరుతారు. వాటినే మళ్లీ కలుపుతారు.

ఇలాంటి మొదటి సంకర మొక్క 1869లో ఇంగ్లండులో పూసింది. జాన్ డొమినీ అనే తోటమాలి దాన్ని పెంచాడు. అందులో సగం విల్లోసం జాతిదే.

మరి కొండల మీది తల్లి మొక్కలు? అమ్ముకోవడానికి బుట్టలకొద్దీ పెరికేశారు. కొన్ని జాతులు అరుదైపోయాయి. అడవి మొక్కలను దేశాల మధ్య అమ్మకూడదని 1990 నుంచి కట్టడి ఉంది.

విత్తనాల గాదె ఊడ్చి తింటే, మరుసటేడు ఏం చల్లుతాం? అందుకే తోటలో పెంచిన మొక్కనే కొనాలి. అడవి మొక్కను అడవిలోనే బతకనివ్వాలి.