విద్యార్థుల ఉద్వేగములు – ఉపాధ్యాయుని బాధ్యత



శూరపద్మునితో యుద్ధము ముగించిన కుమారస్వామి కోపము తిరుత్తణి కొండపై చల్లారినదని స్థలపురాణము. తమిళమున 'తణి' యనగా శమించుట. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేటి పేరు హృత్తాపనాశిని, అనగా గుండె మంటను చల్లార్చునది. స్వామికి కోపము వచ్చుట తప్పని పురాణము చెప్పలేదు. అది చల్లారుటకొక చోటున్నదని మాత్రమే చెప్పినది. పాఠశాల యందు పిల్లలకట్టి చోటుండవలెను.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. ఇచ్చటి తెలుగు బిడ్డకు ఇంట ఒక భాష, అంగడిలో మరియొక భాష. 2006 నాటి చట్టముచే తమిళము ఒకటవ తరగతి మొదలు ఏటికొక తరగతి చొప్పున తప్పనిసరియై, 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. తమిళము నేర్చుట మేలే. ఇరుగుపొరుగు భాష రానివాడు ఒంటరివాడగును. అయితే ఉచ్చారణ విని తోటివారు నవ్విననాడు బాలునికి సిగ్గు కలుగును. పరీక్ష తలపునకు రాగానే భయము కలుగును. ఈ రెండును తరచు కోపము వేషమున బయటికి వచ్చును. పుస్తకము విసరిన బాలుని పొగరుబోతనుట సులభము. ఆ కోపము క్రింద దాగిన సిగ్గును కనుగొనుట ఉపాధ్యాయుని నేర్పు.

అందుకు మొదటి మెట్టు పేరు పెట్టుట. శోకము, క్రోధము, భయము, జుగుప్స మొదలగు స్థాయీభావములను భరతుడు ఏనాడో వేరుపరచెను. తెలుగు పాఠమున పాత్రల భావములను గుర్తించు విద్యార్థి తన భావమును గూడ గుర్తింపగలడు. "నాకు కోపము కాదు, అవమానముగా నున్నది" అని మాతృభాషలో చెప్పగలిగిన పిల్లవాని చేయి పైకి లేవదు.

రెండవది దేహమును గమనించుట. ఉద్వేగము కలిగినప్పుడు గుండె వేగము హెచ్చును, పిడికిలి బిగియును. ఊపిరి నెమ్మదిగా విడిచినచో దేహము శాంతించును. ఆవేశమును అదుపుచేయు మెదడు ముందుభాగము యౌవనము దాటువరకు పరిణతి చెందుచునే యుండును. కావున పెద్దల నిగ్రహమును పిల్లలయందు వెదకుట న్యాయము కాదు. కోపముతో నున్న బిడ్డను నలుగురిలో ప్రశ్నింపక, మంచినీరిచ్చి, కొంతసేపు వేచి, ఏకాంతమున మాటాడవలెను.

మూడవది దుఃఖమును తేలికగా కొట్టివేయకుండుట. ఫలితములు వెలువడు దినములలో "బ్రతుకవలెనని లేదు" అని బిడ్డ పలికినచో దానిని బెదిరింపుగా నెంచరాదు. ఆ బిడ్డను ఒంటరిగా విడువక, తల్లిదండ్రులకు తెలిపి, వైద్యుని సాయము పొందవలెను. 2022లో ప్రారంభమైన 'టెలి మానస్' 14416 సంఖ్యలో రాత్రింబవళ్ళు ఉచితముగా సలహా లభించును. తప్పినవారికి అనుబంధ పరీక్ష యున్నదని ఫలితములకు ముందే చెప్పుట మరింత మేలు.

తల్లిదండ్రులకొక విన్నపము. మార్కుల పత్రము చేతికి వచ్చిన సాయంత్రము మొదట బిడ్డకు అన్నము పెట్టుడు. అంకెల మాట మరునాడు. ఉత్సవములు జరుపుకొను పాఠశాలకు భవనములు, పతకములు శోభనిచ్చును. అయితే భయపడిన బిడ్డ తలుపు తట్టగల ఒక ఉపాధ్యాయుడున్నప్పుడే అది చల్లని చోటగును.