ప్రెడేటర్‌కి ఒక రూల్ ఉంది, ఏలియన్‌కి లేదు!

ఈమధ్య చాలామంది నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, బ్యాట్‌మ్యాన్‌కీ ప్రెడేటర్‌కీ ఫైట్ పడితే ఎవరు గెలుస్తారు?"

నిజం చెప్పాలంటే ఇదే ప్రశ్న మీద నేనూ మా తమ్ముడూ అర్ధరాత్రి దాకా కొట్టుకున్న రోజులున్నాయి. కానీ ఆ కామిక్స్ ఒక్కొక్కటే చదివాక, అసలు ప్రశ్న అది కాదని అర్థమైంది. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. ముందే చెప్తున్నా, క్లైమాక్స్‌లు కూడా చెప్పేస్తాను. స్పాయిలర్స్ వద్దనుకునేవాళ్లు చదివి రండి.

ఏలియన్ మొదటి సినిమా 1979లో వచ్చింది, ప్రెడేటర్ 1987లో. ఈ రెండింటి మీదా కామిక్స్ వేసింది డార్క్ హార్స్ కంపెనీ. బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ ఏమో డీసీ వాళ్ల హీరోలు. ఈ రెండు కంపెనీలూ కలిసి 1991లో "బ్యాట్‌మ్యాన్ వర్సెస్ ప్రెడేటర్" మొదలుపెట్టాయి. రాసింది డేవ్ గిబన్స్. అవును, "వాచ్‌మెన్" బొమ్మలు వేసిన ఆయనే.

ఇక్కడ ప్రెడేటర్ గాథమ్ సిటీకి వేటకొస్తాడు. ముందు ఎవర్ని చంపుతాడో తెలుసా? ఒక బాక్సింగ్ ఛాంపియన్‌ని. ఎందుకంటే వాడికి ఒక రూల్ ఉంది. బలహీనుల్ని వేటాడడు, బలమైనవాళ్లే కావాలి. బ్యాట్‌మ్యాన్‌కీ ఒక రూల్ ఉంది కదా, ప్రాణం తీయడు. మొదటిసారి ఎదురుపడినప్పుడు బ్యాట్‌మ్యాన్ చావు తప్పించుకుని మంచం పడతాడు. తర్వాత కవచం లాంటి సూట్ వేసుకుని మళ్లీ వెళ్తాడు. చివర్లో ఓడిపోయిన ప్రెడేటర్ తన ప్రాణం తనే తీసుకుంటాడు. బ్యాట్‌మ్యాన్ చేతికి రక్తం అంటదు. ఇద్దరి రూల్సూ నిలబడ్డాయి. మన మల్టీస్టారర్‌లా, ఎవరి పరువూ పోలేదన్నమాట!

మరి ఎదుటివాడికి అసలు రూలే లేకపోతే? అప్పుడొస్తుంది అసలు కష్టం.

1995లో డాన్ జర్గెన్స్ "సూపర్‌మ్యాన్ వర్సెస్ ఏలియన్స్" చేశాడు. సూపర్‌మ్యాన్‌ని గుద్దితే ఏలియన్‌కే చెయ్యి విరుగుతుంది, ఇక భయం ఎక్కడిది? అందుకే జర్గెన్స్ హీరోని మన సూర్యుడికి దూరంగా పంపేశాడు. ఎండ లేదు కాబట్టి బలం రోజురోజుకీ తగ్గిపోతుంది. చివరికి ఏలియన్ పిల్ల ఆయన ఒంట్లోకే చేరుతుంది. ప్రాణం తీయకూడదనే మనిషి, చంపడం తప్ప ఇంకేమీ తెలియని జీవుల మధ్య ఇరుక్కుపోయాడు. ప్రెడేటర్ అయితే కనీసం ఎదుటివాణ్ణి చూసి బలాన్ని అంచనా వేస్తాడు. ఏలియన్‌కి నువ్వు మంచోడివా, సూపర్‌మ్యాన్‌వా అనేది అనవసరం.

నన్ను బాగా కదిలించింది మాత్రం 2000లో వచ్చిన "గ్రీన్ లాంటర్న్ వర్సెస్ ఏలియన్స్". రాసింది రాన్ మార్జ్. హాల్ జోర్డన్ టీమ్‌కి ఏలియన్స్ దొరుకుతాయి. పాపం అవి జంతువులు, చెడ్డవి కావు, చంపడం న్యాయం కాదు అంటాడు హాల్. తీసుకెళ్లి మోగో అనే గ్రహం మీద వదిలేస్తారు. బాగానే ఉంది కదా? కానీ ఏళ్లు గడిచాక ఒక స్పేస్‌షిప్ సరిగ్గా ఆ గ్రహం మీదే కూలిపోతుంది. లోపల మనుషులున్నారు. అప్పటికి హాల్ లేడు. ఏలియన్స్‌ని వదిలేసినప్పుడు అక్కడ లేని కుర్రాడు, కైల్ రేనర్, వెళ్లాల్సొచ్చింది.

ఇలాంటి కథల్లో ఎంత గొడవ జరిగినా వచ్చే నెల అన్నీ మామూలే అనుకుంటాం. అదీ ప్రతిసారీ నిజం కాదు. 1998లో వారెన్ ఎల్లిస్ రాసిన "వైల్డ్‌క్యాట్స్ వర్సెస్ ఏలియన్స్" చూడండి. స్టార్మ్‌వాచ్ అనే టీమ్‌లో చాలామంది ఏలియన్స్ చేతిలో చనిపోయారు. ఆ చావులు అలాగే ఉండిపోయాయి. మిగిలినవాళ్లలో కొందరితోనే 1999లో "ది అథారిటీ" మొదలైంది.

ఇప్పుడు ఈ మాన్‌స్టర్స్ మార్వెల్ చేతికొచ్చాయి. 2023లో వుల్వరిన్ మీదకి ప్రెడేటర్ వచ్చాడు, 2024లో అవెంజర్స్ మీదకి ఏలియన్స్ వచ్చాయి. చదివేటప్పుడు ఎవరు గెలిచారని కాకుండా, గెలవడానికి హీరో ఏం వదులుకోవాల్సి వచ్చిందో చూడండి. కథ బాగుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

హాల్ జోర్డన్ చేసింది తప్పేనంటాడు మా తమ్ముడు. నేను ఒప్పుకోను. వాటిని బతకనివ్వడం తప్పు కాదు. వదిలేశాక ఆ గ్రహానికి కాపలా పెట్టకపోవడం తప్పు. దయ చూపించడానికి ఒక్క రోజు చాలు, ఆ తర్వాత బాధ్యత మాత్రం ఏళ్లతరబడి మొయ్యాలి.

మీరైతే ఏం చేసేవాళ్లు? చంపేవాళ్లా, వదిలేసేవాళ్లా? ఆలోచించి కింద రాయండి. మా తమ్ముడి పక్షమైనా పర్లేదు, తిట్టను! వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, బై!