కట్టుడు పళ్ళకీ ఒక వయసుంటుంది
(వార్షిక మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగం)



పొదుపు గురించి, అప్పుల గురించి అందరూ చెప్పారు. నేను పళ్ళ గురించి చెబుతాను. నవ్వండి, పరవాలేదు. ఇప్పుడు నేనూ నవ్వగలను.

మాది కొల్లేటి పక్క ఊరు. పదమూడేళ్ళ కిందట పళ్ళన్నీ తీయించి సెట్టు కట్టించుకున్నాను. మొదట్లో బాగానే ఉండేది. పోనుపోను కింది సెట్టు వదులైపోయింది. మాట్లాడితే టకటకమనేది, చిగుళ్ళు ఒరిసి పుండ్లు పడేవి. కొర్రమీను పులుసు వండి అందరికీ వడ్డించి, నేను మాత్రం మజ్జిగన్నం మెత్తగా పిసుక్కుని తినేదాన్ని. తాడేపల్లిగూడెంలో మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళి, ఆకలి లేదని పంక్తిలో కూర్చోలేదు. ఆకలి లేక కాదమ్మా, నలుగురిలో సెట్టు జారిపోతుందేమోనని భయం.

కొత్తది కట్టించుకోమని మా అమ్మాయి అంటే, "ఈ వయసులో నాకెందుకే, ఆ డబ్బు గేదె మేతకన్నా వస్తుంది" అన్నాను. మనలో చాలామంది అనే మాటే ఇది.

చివరికి ఏలూరులో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పాత సెట్టుతో సహా వెళ్ళాను. పళ్ళు తీశాక దవడ ఎముక ఏటేటా కొంచెం కొంచెం కరిగిపోతుందట. సెట్టు మాత్రం అలాగే ఉంటుంది. కాలు చిక్కిపోతే చెప్పు వదులైనట్టే. కొందరికి లోపల కొత్త పొర వేస్తే సరిపోతుంది. నా సెట్టులో పళ్ళు కూడా అరిగిపోయాయి కాబట్టి కొత్తదే కావాలన్నారు. గ్రూపులో అప్పు తీసుకున్నాను, పది నెలల్లో తీర్చేశాను.

కొత్త సెట్టు పెట్టగానే సుఖం రాలేదు. రెండు వారాలు నోరంతా ఊట, మాట తేడా. నొప్పి ఉన్నచోట డాక్టరమ్మే అరగదీసి సరిచేశారు. ఇంట్లో మనం గీకకూడదు. సొంత పళ్ళతో సమానం కాదు, చెరుకు కొరకలేను. కానీ చేప తింటున్నాను, జామకాయ ముక్కలు కోసుకుని తింటున్నాను, పంక్తిలో కూర్చుంటున్నాను.

నాలుగు మాటలు గుర్తుంచుకోండి. రాత్రి సెట్టు తీసి, కడిగి, చన్నీళ్ళలో వేయండి. వేడినీళ్ళలో వేస్తే వంకరపోతుంది. ఏడాదికోసారి చూపించుకోండి. నోట్లో పుండు రెండు వారాలకు మానకపోతే ఆలస్యం చేయకండి, అది క్యాన్సర్ కూడా కావచ్చు. దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్, భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీలు ఉన్నాయి. అక్కడ కూడా ఖర్చు ఎంతవుతుందో అడగండి.

గేదెకు అప్పు ఇస్తున్నాం, మంచిదే. ఆ గేదె పాలు పితికే అమ్మ నోటికి కూడా అప్పు ఇద్దాం. తీర్మానంలో ఇది చేర్చమని కోరుతూ, సెలవు.