సంచిలో గుడ్డు
(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బి.ఇడి.లో పిల్లల మనస్తత్వ శాస్త్రం చదివాను. మార్కులు బాగానే వచ్చాయి. అయినా ఒక పిల్లవాడి దగ్గర నేను తప్పాను. ఆ సంగతి చెప్పడానికే నిలబడ్డాను.

వాడికి పదేళ్లు. యతీమ్. హాస్టల్ నుంచి మా బడికి వచ్చేవాడు. తోటివాళ్లను కొరికేవాడు. మధ్యాహ్న భోజనంలో ఇచ్చిన గుడ్డు తినకుండా సంచిలో దాచేవాడు. ఒకరోజు అది కుళ్లి తరగతంతా కంపు కొట్టింది. అందరి ముందు సంచి బోర్లించి 'దొంగ' అన్నాను. వాడు ఏడవలేదు. బల్ల కింద దూరి, బడి వదిలేదాకా బయటికి రాలేదు.

తర్వాత వార్డెన్ చెప్పాడు. తండ్రి పోయాక అప్పు కింద వాణ్ణి గాజుల గదిలో పనికి పెట్టారట. పని పూర్తికాని రోజు అన్నం పెట్టేవారు కాదట. వాడు దాచింది గుడ్డు కాదు, రేపటి ఆకలి.

2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల గదుల నుంచి పోలీసులు రెండు వందలకు పైగా పిల్లలను విడిపించారు. చాలామంది బీహార్ పిల్లలే. గదిలోంచి బయటికి తేవడం ఒక్కరోజు పని. పిల్లవాడిలోంచి ఆ గదిని బయటికి తేవడానికి ఏళ్లు పడుతుంది.

అలాంటి బిడ్డకు మందు చీటీ ఒక్కటే చాలదు. వేళకు అన్నం, వేళకు నిద్ర, రోజూ కనిపించే అవే ముఖాలు కావాలి. రాత్రి ఉలిక్కిపడి లేస్తే పక్కన కూర్చునే మనిషి కావాలి. కౌన్సెలర్, అవసరమైతే మానసిక వైద్యులు, ఇంటివాళ్లతో మాటలు, ఇవన్నీ కలిస్తేనే చికిత్స. 2015 బాలల న్యాయ చట్టం ప్రతి బిడ్డకూ విడిగా సంరక్షణ ప్రణాళిక రాయమంటుంది. ఇలాంటి గృహాల్లో కొట్టడం నేరమంటుంది. సంస్థలో ఉంచడం చివరి మార్గం కావాలనీ, వీలైనంత వరకు బిడ్డ కుటుంబానికి చేరాలనీ చెబుతుంది.

దాతలారా, మీరు కట్టించిన గదులు చల్లగా ఉన్నాయి. రంజాన్‌కు బట్టలు, పండగకు బిర్యానీ వస్తున్నాయి. అల్లాహ్ స్వీకరించుగాక. కానీ రాత్రి ఆయాకు ఇచ్చే జీతం చాలక ఆమె ఆరు నెలలకే వెళ్లిపోతుంది. నమ్మిన మనిషి మళ్లీ పోయిందని బిడ్డ మళ్లీ కొరకడం మొదలుపెడతాడు. జకాత్ ఎక్కడ ఖర్చు చేయవచ్చో ఉలమాలు చెబుతారు. మీ సదకాలో కొంత మాత్రం ఈ ఏడాది జీతాలకు కేటాయించండి. జీతానికి శిలాఫలకం ఉండదు, నిజమే. ఇంకొక మనవి: కానుకలిచ్చేటప్పుడు పిల్లలను వరుసగా నిలబెట్టి ఫొటోలు తీయకండి.

మన ప్రవక్త (స) పుట్టకముందే తండ్రిని, ఆరేళ్లకు తల్లిని కోల్పోయారు. యతీమ్ తల నిమరడం మనకు కొత్త పాఠం కాదు.

ఆ పిల్లవాడిని నేను అదే తరగతిలో, అందరి ముందే మాఫీ అడిగాను. వాడేమీ అనలేదు. చాలా నెలలకు ఒక మధ్యాహ్నం నా బల్ల పక్కకొచ్చి కూర్చుని, గుడ్డు ఒలుచుకుని అక్కడే తిన్నాడు.