ఐస్కజీకి సొంత రోడ్డు ఎందుకు?

ఈ రోజు టాపిక్ ఐస్కజీ. పేరు చూసి భయపడకండి. ఎక్కడో ఉన్న స్టోరేజ్ బాక్స్‌లోని డిస్క్‌ని నెట్‌వర్క్ మీదుగా మన సర్వర్‌కి సొంత డిస్క్‌లా చూపిస్తుంది, అంతే.

అసలు విషయం ఇక్కడే ఉంది. వీడియో బఫర్ అయితే రెండు సెకన్లు ఓపిక పడతాం. డిస్క్ ఆగితే మాత్రం దాని మీద నడిచే వర్చువల్ మెషీన్లన్నీ ఆగిపోతాయి. లింక్ పోతే లైనక్స్ మామూలుగా 120 సెకన్లు చూస్తుంది. ఆ తర్వాత ఎర్రర్లు మొదలవుతాయి, ఫైల్‌సిస్టమ్ రీడ్ ఓన్లీ అయిపోవచ్చు. అందుకే దీన్ని ఆఫీసు ట్రాఫిక్‌తో కలపొద్దు.

మరి ఎలా? సర్వర్‌లో వేరే నెట్‌వర్క్ కార్డు, వీలైతే వేరే స్విచ్ పెట్టండి. బడ్జెట్ లేదంటే కనీసం వేరే వీల్యాన్. కానీ వైరు ఒకటే అయితే రద్దీ తగ్గదు, గుర్తుంచుకోండి. ఈ నెట్‌వర్క్‌కి గేట్‌వే ఇవ్వకండి. ఐస్కజీ తనంతట తాను డేటాని ఎన్‌క్రిప్ట్ చేయదు, కాబట్టి బయటికి దారే ఉండకూడదు. రెండు కార్డులుంటే రెండు సబ్‌నెట్లు చేసి మల్టీపాత్ ఆన్ చేయండి.

ఇక జంబో ఫ్రేమ్స్. ఎంటీయూ 1500 నుంచి 9000కి పెంచితే సర్వర్, స్విచ్, స్టోరేజ్ మూడింట్లోనూ పెంచాలి. స్విచ్‌లో మర్చిపోతే తమాషా చూడండి: లాగిన్ అవుతుంది, డిస్క్ కనిపిస్తుంది, పెద్ద ఫైల్ కాపీ పెట్టగానే హ్యాంగ్! మామూలు పింగ్‌లో ఇది దొరకదు. ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దనే ఆప్షన్ పెట్టి 8972 బైట్లతో పింగ్ కొట్టండి. మిగతా 28 బైట్లు హెడర్లకి.

చివరిగా, అసలు డేటా ఎక్కించకముందే ఒక కేబుల్ మీరే పీకి చూడండి. కాపీ ఆగకుండా నడిస్తే మీ సెటప్ పాస్. అర్ధరాత్రి అదే ఊడితే అప్పుడు తెలుసుకోవడం కన్నా ఇదే నయం కదా? వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!